టికెట్టు మీద కోటు పేరు

మా అత్తయ్యకు విమానం ఎక్కాలన్న సరదా ఎన్నడూ లేదు. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు నేను పడ్డ తిప్పలు విన్నవాళ్లంతా "ఆ వయసులో ఆవిడకి విమానాలెందుకమ్మా" అని నన్నే దులుపుతున్నారు. సరదా లేదు, నా మొహం లేదు. ఆవిడ స్నేహితురాలికి గుండె ఆపరేషన్. ఎల్లుండి పొద్దున ఎనిమిదింటికి లోపలికి తీసుకెళ్తామన్నారు. రైల్లో వెళ్తే రెండు రాత్రులు పడుతుంది. "నన్ను కోసేలోపు దాన్ని ఒక్కసారి చూడాలి" అని ఆ స్నేహితురాలు మొండికేస్తే, ఆవిడ కూతురు ముందు రోజు సాయంత్రమే టికెట్టు కొని నా ఫోనుకు పంపింది. మర్నాడు ఉదయం పదింటికి విమానం.

ఆ స్నేహితురాలిని మా ఇంట్లో అందరం అవతలి కొసావిడ అంటాం. అత్తయ్య ఇరవయ్యారేళ్లు ఒక పెద్ద హోటలు లాండ్రీలో పనిచేసింది. నేలకు రెండు అంతస్తుల కింద, కిటికీ అన్నది లేని హాలు. పొద్దస్తమానం ఆవిరి, యంత్రాల రొద. మంచం దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి కదా, ఒక కొస ఈవిడ పట్టుకుంటే అవతలి కొస ఆవిడ. ఒక్క లాగు లాగి విదిలించడం, ఎదురెదురు నడిచి మూలలు కలపడం, మళ్లీ వెనక్కి జరగడం. రోజుకు మూడు వందల దుప్పట్లు. "ఇవాళ మా అవతలి కొస రాలేదు, ఎవత్తో వచ్చింది, దానికి లాగడమే రాదు" అని భుజాలు పట్టుకుని మూలుగుతూ ఇంటికొచ్చిన రోజులు నాకు తెలుసు. కట్టుకున్న మామయ్యతో కూడా ఆవిడకు అన్ని అడుగులు కలిసి ఉండవు.

అత్తయ్యకు కాగితం మీద ఉన్నదే నమ్మకం. ఫోన్లో ఉన్న టికెట్టు ఆవిడ లెక్కలో లేనట్టే. సరేనని నేను పనిచేసే కళ్లద్దాల షాపుకు పూట సెలవు చెప్పి, పదింటికల్లా ఆవిణ్ణి వెంటబెట్టుకుని వీధి చివర జిరాక్సు షాపుకు వెళ్లాను. అతను టికెట్టు ప్రింటు తీశాడు. గుర్తింపు కార్డు కాపీ తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "రెండో ఆవిడ కార్డు కూడా ఇవ్వండి మేడమ్," అన్నాడు.

"రెండో ఆవిడెవరండీ?"

"టికెట్టు ఒకరిది, కార్డు ఇంకొకరిది ఇచ్చారు కదా."

తీసుకుని చూశాను. కార్డు మీద ఒక పేరు. టికెట్టు మీద దాంతో ఏ పోలికా లేని ఇంకో పేరు. పైగా ఇంటిపేరు గడిలో ఏం వేయాలో తెలియలేదు కాబోలు, అదే పేరు మళ్లీ రెండోసారి కూడా వేసింది ఆ మహాతల్లి. రెండు కాగితాలూ అటూ ఇటూ తిప్పి చూశాను. అత్తయ్య మాత్రం కళ్లజోడు పెట్టుకుని, కాగితాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదివి, నవ్వింది.

"పిచ్చిపిల్ల! కోటు పేరు వేసింది."

ఆ కోటు సంగతి చెప్పాలి. హోటలు తెరిచిన కొత్తలో యజమాని మహా ఆర్భాటంగా లాండ్రీ వాళ్లందరికీ తెల్లకోట్లు కుట్టించి, ఎవరి జేబు మీద వాళ్ల పేరు నీలం దారంతో వేయించాడట. తర్వాత మనుషులు మారారు గానీ కోట్లు మారలేదు. కొత్తగా ఎవరు చేరినా మేస్త్రి అల్మారా తెరిచి, మనిషిని పైకీ కిందకీ ఒకసారి చూసి, ఒంటికి సరిపోయే కోటు చేతిలో పెట్టేవాడు. దాని జేబు మీద ఏ పేరుంటే ఆ రోజు నుంచి అదే పేరు. ఆ రొదలో కొత్త పేర్లు నేర్చుకునే ఓపిక ఆయనకెక్కడిది! జీతాలు టోకెన్ నంబరు మీద ఇచ్చేవారు కాబట్టి అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. ఒకావిడ కడుపుతో ఉన్న ఏడాది రెండు సైజులు పెరిగి రెండు పేర్లు మార్చిందట. "లావెక్కితే పేరు పోతుందని నేను రాత్రిపూట ఒక ముద్ద తగ్గించేదాన్ని" అని అత్తయ్య చెబుతుంటే ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లం.

నవ్వేవాళ్లం గానీ ఆలోచించలేదు. ఇరవయ్యారేళ్ల పాటు రోజుకు పది గంటలు ఆవిడ ఆ పేరుతోనే బతికింది. ఇంటికొస్తే అమ్మ, వదిన, అత్తయ్య. కార్డు మీదున్న పేరుతో ఆవిణ్ణి పిలిచినవి కరెంటు బిల్లూ, మందుల చీటీ మాత్రమే. స్నేహితురాలు "దానికి టికెట్టు కొనవే" అని కోటు పేరు చెప్పి ఉంటుంది. కూతురు చిన్నప్పటి నుంచీ విన్న పేరు అదే కాబట్టి అదే వేసింది. ఎవరిని తిట్టను?

"నవ్వుతారేంటి అత్తయ్యా! రేపు గేటు దగ్గరే ఆపేస్తారు."

"ఎందుకాపుతారు? వెళ్లేది నేనే కదా."

"ఇది మీరేనని ఎవరు చెప్పాలి?"

"నేనే చెబుతాను."

అది విని జిరాక్సు అతను కూడా మొహం పక్కకు తిప్పుకున్నాడు.

కొసావిడ కూతురికి ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తదు. మా ఆయనకు చేశాను. పనిలో ఉన్నాడట, "కాస్త నువ్వు చూసుకో" అన్నాడు. ఈ చూసుకో అన్న మాట ఉంది చూశారూ, అది మా ఇంటి మగవాళ్లకు తాతల నాటి ఆస్తి. ఇక విమానం కంపెనీ నంబరు. ఒకటి నొక్కండి, నాలుగు నొక్కండి, మీ కాల్ మాకెంతో విలువైనది. అంత విలువైతే ఎత్తి చావొచ్చు కదా! ముప్పావుగంట ఆ సంగీతం విన్నాక ఒకతను దొరికాడు. అక్షరమో అరో తప్పైతే తనే సరిచేస్తాడట, పేరుకు పేరే వేరైతే కుదరదట.

"కొన్న ఇరవైనాలుగు గంటల్లోపు అయితే మాత్రం మీ ఊళ్లో మా ఆఫీసులో మారుస్తారు మేడమ్. కొన్నవాళ్ల ఫోనుకు ఒక నంబరు వస్తుంది, అది చెప్పాలి. ఇద్దరూ ఒకరేనని రుజువేదైనా ఉంటే అది కూడా పట్టుకెళ్లండి."

టికెట్టు కొన్నది నిన్న సాయంత్రం అయిదుంబావుకి. అది దాటితే ఏమవుతుందని అడిగాను. రద్దు చేసి కొత్తది కొనుక్కోవాలి, రేపటికి సీట్లు లేవు, మూడు రోజుల దాకా లేవు అన్నాడు. మూడు రోజుల తర్వాత వెళ్లి ఎవరిని చూస్తుంది? ఎలా ఉన్న మనిషిని చూస్తుంది? ఆ మాట నేను అత్తయ్యతో అనలేదు. అనకపోతే ఆవిడకు తెలియదనీ కాదు. టికెట్టును నాలుగు మడతలు పెట్టి, మూలలు సరిగ్గా కలిశాయో లేదో గోటితో చూసుకుని, జాకెట్టులో దోపుకుంది.

రుజువు అనగానే ఆవిడకు హోటలు గుర్తొచ్చింది. రెండు బస్సులు మారి, ఎండలో పడి వెళ్లాం. వెనక గుమ్మం పక్కన చిన్న గదిలో ఒక గుమాస్తా. పాత రిజిస్టరు తీయించి, వేలు పెట్టుకుంటూ చదివి, తల ఊపాడు.

"మీ కార్డు పేరే ఉందండీ ఇందులో. ఇన్నేళ్లు పనిచేశారని రాసిస్తాను."

"అది కాదయ్యా, ఈ రెండో పేరు కూడా నాదేనని రాయి."

"అదెలా కుదురుతుందండీ? ఆ పేరు గలావిడ మీరు చేరకముందే మానేసింది, ఇదిగో చూడండి. ఆవిడ వేరే మనిషి కదా!"

అక్షరాలా నిజం. ఆ నిజం విన్నాక నాకు ఒళ్లు మండింది. మీ కోట్లు, మీ మేస్త్రి, మీ పొదుపు, మనిషికో కోటు కుట్టించలేక మనుషుల పేర్లు మార్చేశారు అని నోటికొచ్చినట్టు అరిచాను. పాపం అతను చేరి రెండేళ్లయిందట, "నాకేం తెలుసు మేడమ్" అన్నాడు. కొండను తవ్వి ఎలుకను కూడా పట్టకుండా బయటపడ్డాం.

లాండ్రీ మెట్ల దగ్గర ఒకావిడ ఖాళీ బండి తోసుకుంటూ ఎదురొచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. జేబు మీద నీలం దారం. అత్తయ్య నిలబడిపోయి, ఆ పేరు పైకే చదివింది.

"ఏంటండీ?" అందావిడ, తననే పిలిచారనుకుని.

అత్తయ్య ఆవిడ చేతి వైపు చూసింది. "ఏం లేదమ్మా. ఈ కోటు కుడిచేతి గుండీ ఊడుతూ ఉంటుంది. చూసుకో."

ఆవిడ చెయ్యి తిప్పి చూసుకుంది. గుండీ లేదు, పిన్నీసు ఉంది. "మీదా ఈ కోటు?" అంది.

"ఇప్పుడు నీదే."

రోడ్డు మీదికొచ్చాక అత్తయ్య గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. పొద్దుటి నుంచీ నేనే సణుగుతున్నాను గానీ ఆవిడ ఒక్కసారీ అలసటన్న మాట ఎత్తలేదు. అప్పుడు మొదటిసారి మొహం వాడిపోయింది. "అక్కడున్న పేరు కూడా పోయింది అమ్మాయ్," అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు. రెండు అరటిపళ్లు కొని తెచ్చాను. ఆవిడ ఒకటి తిని, రెండోది సగం నాకు పెట్టింది.

విమానం కంపెనీ ఆఫీసుకు చేరేసరికి మూడున్నర. రెండో అంతస్తు, లిఫ్టు పనిచేయదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అదే. నా మోకాళ్ల సంగతి మర్చిపోయి ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఎక్కించాను. టోకెన్ తీసుకుని కుర్చీల్లో కూలబడ్డాం. అయిదు నిమిషాలకోసారి కొసావిడ కూతురికి ఫోను చేస్తూనే ఉన్నాను. మధ్యలో మా షాపు యజమాని చేశాడు. పూట సెలవంటే ఏ పూట అని అడిగాడు. ఆయన అడిగిందాంట్లో తప్పు లేదు, నేను చెప్పిన జవాబులో మర్యాదా లేదు.

నాలుగున్నరకు మా నంబరు వచ్చింది. కౌంటరులో ఉన్న అమ్మాయి బల్ల కింద చెప్పులు విప్పేసి, పాదం మీద పాదం వేసి రుద్దుకుంటోంది. మా కథంతా విని, "కోటు పేరా?" అని ఒకసారి అత్తయ్యను ఎగాదిగా చూసింది. రుజువు లేకపోయినా ఫరవాలేదట, గడువు లోపలే ఉన్నాం కాబట్టి. అయితే టికెట్టు కొన్న ఫోను ఎవరి చేతిలో ఉందో వాళ్లు మాట్లాడాలి. ఆ ఫోనుకు వచ్చే నంబరు చెప్పాలి. మార్చాల్సిన పేరు కూడా వాళ్ల నోటితోనే చెప్పాలి.

"ఎత్తడం లేదమ్మా," అన్నాను.

"అయిదుంబావు దాకా టైముంది. చేస్తూ ఉండండి."

చేశాను. అయిదుకు పది నిమిషాలుందనగా ఎత్తారు. కూతురి గొంతు కాదు. బొంగురు గొంతు, ఆయాసం. అత్తయ్య నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ఏమే, ఎలా ఉన్నావే?"

"ఇంకా ఉన్నాను. బట్టలు సర్దుకున్నావా? పిల్ల డాక్టర్ల చుట్టూ తిరుగుతోంది, ఫోను నా దగ్గర పడేసింది. పొద్దుటి నుంచీ ఒకటే మోత. ఎత్తడం తెలిసి చస్తే కదా! ఇప్పుడు ఆ ఆకుపచ్చదాన్ని నొక్కాను."

పొద్దుటి నుంచీ! నలభైసార్లు చేసి ఉంటాను! తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కౌంటరు అమ్మాయి మా ఫోను తీసుకుని, స్పీకరు పెట్టి, తన ముందున్న మైకు పక్కన ఉంచింది. మాటలు రికార్డవుతాయని, ఇక్కడున్నవాళ్లు ఏమీ అందించకూడదని మాకు ముందే చెప్పింది. నంబరు వెళ్లింది. కొసావిడ ముందు ఎవరో ఇళ్ల స్థలాలు అమ్ముతామని పంపిన మెసేజి మొత్తం చదివింది. తర్వాత అసలుది దొరికింది. ఆరు అంకెలూ ఒక్కొక్కటే ఊపిరి తీసుకుంటూ చదివింది.

"సరిపోయిందమ్మా. ఇప్పుడు ప్రయాణం చేసేవారి పేరు చెప్పండి."

ఆవిడ కోటు పేరు చెప్పింది.

"అది కాదమ్మా. కార్డు మీద ఉండే అసలు పేరు చెప్పండి."

ఆసుపత్రిలో ఏదో మిషను టిక్కు టిక్కుమనడం మాకు వినబడుతోంది. "అసలు పేరేంటమ్మా," అంది చివరికి. "దాని పేరదే. ఇరవయ్యారేళ్లు అలాగే పిలిచాను. ఇంకో పేరుందా దానికి?"

నేను అత్తయ్య చెవిలో గుసగుసగా అన్నాను: "మా పెళ్లి శుభలేఖ మీద ఉంది కదా, ఆవిడ చూడలేదా?"

"శుభలేఖ ఎవరు చదువుతారే. ఎప్పుడు, ఎక్కడ, అంతే."

గోడ గడియారం అయిదు దాటింది. ఆ అమ్మాయి గడియారం వైపు చూసింది, అత్తయ్య వైపు చూసింది. అత్తయ్య రెండు చేతులూ బల్ల అంచును పట్టుకుని ఉన్నాయి, దుప్పటి కొస పట్టుకున్నట్టే. ఆ అమ్మాయి మైకు ఆపేసింది. కాళ్లకు చెప్పులు తగిలించుకుని లేచింది. "పొద్దుటి నుంచీ నీళ్లు తాగలేదు. రెండు నిమిషాల్లో వస్తాను. మీ ఫోన్లో మీరేం మాట్లాడుకుంటారో నాకనవసరం," అని వెళ్లిపోయింది. ఆ తల్లి చల్లగా ఉండాలి.

అత్తయ్య ఫోను మీదికి వంగింది. ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించి, తన పేరు చెప్పింది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి పదమూడేళ్లయింది. ఆ పేరు ఆవిడ నోట వినడం నాకు అదే మొదలు.

"బాగుందే!" అంది కొసావిడ. "ఇన్నాళ్లూ చెప్పనేలేదు."

"నువ్వడిగావా?"

"నువ్వు మాత్రం నన్నడిగావా?"

అత్తయ్య ఫోను ఇంకా దగ్గరికి లాక్కుంది. "అంటే నీదీ కోటు పేరేనా?"

"మరి! మా అమ్మ నన్ను నీలం దారంతో కుట్టి కన్నదా?" అని నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక తన పేరు చెప్పింది. అత్తయ్య నా చేతిలోంచి పెన్ను లాక్కుని, అరచేతిలో రాసుకుంది. "ఓరి నాయనో, రేపు ఆసుపత్రిలో ఎవరికోసం వచ్చావంటే ఏమని చెప్పి ఉండేదాన్నే!" అంది. నిజమే. అసలు టికెట్టులో తప్పు పడకపోయి ఉంటే ఈవిడ అంత దూరం వెళ్లి, ఆ గుమ్మంలో నిలబడి, ఎవరి లిస్టులోనూ లేని మనిషి కోసం అడుగుతూ ఉండేది.

ఆ అమ్మాయి మూతి తుడుచుకుంటూ వచ్చి మైకు నొక్కింది. కొసావిడ ఈసారి బడిలో హాజరు పలికినట్టు గట్టిగా చెప్పింది. అయిదూ పదికి కొత్త టికెట్టు చేతికొచ్చింది. గోడ పట్టుకుని మెట్లు ఒక్కొక్కటే దిగాం. ఓపిక లేదు.

మర్నాడు విమానాశ్రయంలో గేటు దగ్గర కాపలా అతను కార్డు చూశాడు, టికెట్టు చూశాడు, మొహం చూశాడు, లోపలికి పొమ్మన్నాడు. అంతే, మూడు క్షణాలు. ఆ మూడు క్షణాల కోసం నా తల ప్రాణం తోకకొచ్చింది. అత్తయ్య వెనక్కి తిరిగి కూడా చూడలేదు. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, బస్సు పోతుందేమోనన్నంత గాభరాగా వెళ్లిపోయింది.

తర్వాతిదంతా ఆవిడ ఫోన్లో చెప్పిందే. అరచేతిలో చూసుకుని పేరు చెబితే ఆసుపత్రి వాళ్లు మెడలో వేసుకునే పాసు ఇచ్చారట, మీద ఈవిడ కార్డు పేరు రాసి. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి మంచం మీద ముడతలు పడ్డ దుప్పటి మూడుసార్లు సరిచేశారట. పొద్దున లోపలికి తీసుకెళ్తుంటే కొసావిడ బండి మీద నుంచే ఈవిణ్ణి కొత్త పేరుతో, ఇంటిపేరుతో సహా, వార్డంతా వినబడేలా పిలిచిందట. రాత్రంతా వల్లించిందట. "ఒక్క తప్పు పోలేదు అమ్మాయ్," అని చెప్పింది అత్తయ్య.

ఆపరేషన్ ఆరు గంటలు పట్టింది. ఆ రోజు కళ్లు తెరవలేదు. రెండో రోజూ తెరవలేదు. కూతురు కుర్చీలోనే కూలబడిపోయిందట. నేను షాపులో అద్దాలు తుడుస్తూ రోజుకు పదిసార్లు ఫోను చూసుకున్నాను.

మూడో రోజు సాయంత్రం అత్తయ్య చేసింది. హలో అంటూనే ఏడుపు అందుకుంది. నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. కాసేపటికి తేరుకుని చెప్పింది. కళ్లు తెరిచిందట. మెదడు సరిగ్గా ఉందో లేదో చూడాలని నర్సు ఈవిణ్ణి మంచం దగ్గర నిలబెట్టి, "ఈవిడెవరో చెప్పగలరా అమ్మా?" అని అడిగిందట. కొసావిడ ఈవిడ మొహంలోకి చాలాసేపు చూసిందట. చూసి చూసి, పెదాలు కదిపి, కోటు పేరు చెప్పిందట.

నర్సు ఈవిడ మెడలో ఉన్న పాసు చూసిందట, పెదవి విరిచిందట, గుర్తుపట్టలేదని చీటీలో రాయబోయిందట. అత్తయ్య ఆ పెన్ను పట్టేసుకుందట.

"రాయకమ్మా. అది నేనే. సరిగ్గానే చెప్పింది."